స్లిప్ స్టిచ్ శాలువాలు, కౌల్స్: ఊలు, రంగులు ఎంచుకోవడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

స్లిప్ స్టిచ్ మొదలుపెట్టేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది డిజైన్ గురించి కాదు. "ఏ ఊలు కొనాలి, ఏ రంగులు కలపాలి?" అనే. ఈ అల్లికలో చేతిపని తేలికే, ఎంపిక దగ్గరే చాలామంది తడబడతారు. ఏళ్ల తరబడి శాలువాలు, కౌల్స్ అల్లుతూ, విప్పుతూ, మళ్లీ అల్లుతూ నేను తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

స్లిప్ స్టిచ్ అంటే ఏమిటి? కౌల్ అంటే మఫ్లరేనా?

కౌల్ అంటే మెడ చుట్టూ వేసుకునే గొట్టంలాంటి అల్లిక. మఫ్లర్‌కి రెండు చివర్లు ఉంటాయి. కౌల్‌కి చివర్లు ఉండవు, తల మీంచి తొడుక్కోవడమే.

స్లిప్ స్టిచ్ అంటే ఒక కుట్టును అల్లకుండా ఎడమ సూది మీంచి కుడి సూది మీదికి ఊరికే జరపడం. ఒక వరుసలో చేతిలో ఒకే రంగు దారం ఉంటుంది. తెల్ల దారంతో అల్లుతూ, కింది వరుసలోని నల్ల కుట్టును అల్లకుండా జరిపారనుకోండి. ఆ నలుపు పైకి సాగి తెల్ల వరుస మధ్యలో నిలబడుతుంది. చూసేవాళ్లకు ఒకే వరుసలో రెండు రంగులు వాడినట్టు ఉంటుంది. రెండు వరుసలు ఒక రంగు, రెండు వరుసలు ఇంకో రంగు చొప్పున ఇలా అల్లుకుంటూ పోతే దాన్ని మొజాయిక్ నిట్టింగ్ అంటారు.

ఇందులోంచి మూడు సంగతులు తేలతాయి. రంగు పెద్ద పట్టీలుగా కాకుండా కుట్టు కుట్టుకీ చుక్కల్లా పడుతుంది. జరిపిన కుట్టు రెండు మూడు వరుసల ఎత్తుకు సాగాలి కాబట్టి దారానికి సాగే గుణం కావాలి. సాగిన కుట్టు చుట్టుపక్కల వరుసల్ని దగ్గరికి లాగుతుంది కాబట్టి అల్లిక దట్టంగా వస్తుంది. ఈ మూడూ మనసులో పెట్టుకుంటే కింది జవాబుల్లో సగం మీరే ఊహించగలరు.

రంగులు దుకాణంలో బ్రహ్మాండంగా ఉన్నాయి. అల్లాక డిజైన్ కనిపించడం లేదు. ఎందుకు?

ఎక్కువమంది అడిగేది ఇదే. నాకూ ఇది జరిగింది కాబట్టి వివరంగా చెబుతాను.

మా అక్క కోసం మెరూన్, నెమలిపింఛం నీలం కలిపి ఒక కౌల్ మొదలుపెట్టాను. ఉండలు పక్కపక్కన పెడితే పట్టుచీర, అంచులా వెలిగిపోయాయి. నాలుగు అంగుళాలు అల్లి గోడకి తగిలించి, గది ఆ చివర నుంచి చూశాను. మెట్లు మెట్లుగా కనిపించాల్సిన డిజైన్ లేదు. మొత్తం ఒకే మసక ఊదా రంగులా ఉంది. దగ్గరికి వెళ్లి చూస్తే ప్రతి కుట్టూ సరిగ్గానే ఉంది, లెక్క ఎక్కడా తప్పలేదు. తప్పు రంగుల జోడీలో ఉంది.

డబుల్ షేడ్ చీర గుర్తు తెచ్చుకోండి. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. దగ్గరగా చూస్తే రెండు రంగుల పోగులు, దూరం నుంచి చూస్తే నెమలికంఠం. సన్నసన్న పోగులు పక్కపక్కన ఉంటే కన్ను వాటిని కలిపేసి ఒకే రంగుగా చూస్తుంది. చీరలో మనం కోరుకునేది అదే, స్లిప్ స్టిచ్‌లో మనకు వద్దనిపించేది కూడా అదే. గద్వాల చీరలో ఎర్ర అంచు ఆకుపచ్చ ఒంటి మీద నిలబడుతుందంటే, ఆ అంచు జానెడు వెడల్పు ఉంటుంది కాబట్టి. అవే రెండు రంగుల్ని ఒక్కో కుట్టుగా చల్లితే బురద రంగు వస్తుంది.

అందుకే ఇక్కడ చూడాల్సింది మొదట రంగు కాదు, ఆ రంగు ఎంత ముదురు, ఎంత లేత అన్నది. పేడ కళ్లాపి చల్లిన వాకిట్లో వేసిన తెల్ల ముగ్గు వీధి చివరికి కనిపిస్తుంది. అదే పిండి, అదే చెయ్యి, అవే చుక్కలు. లేత సిమెంటు గచ్చు మీద వేస్తే తేలిపోతుంది. స్లిప్ స్టిచ్ కూడా ముగ్గులాంటిదే, అడుగు ముదురుగా ఉంటేనే గీత పలుకుతుంది. అడుగు లేతగా ఉంటే గీత ముదురుగా ఉండాలి.

ముదురు, లేత తేడా కంటితో ఎలా తెలుస్తుంది?

కంటిని నమ్మకండి, రంగు దాన్ని మోసం చేస్తుంది. రెండు ఉండల్నీ పక్కన పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి, ఎడిట్‌లోకి వెళ్లి బ్లాక్ అండ్ వైట్ చేయండి. ఒకటి లేత బూడిదగా, ఇంకొకటి బొగ్గులా కనిపిస్తే ఆ జోడీ పనికొస్తుంది. రెండూ ఒకే బూడిదలో కలిసిపోతే ఒకదాన్ని తిరిగి షెల్ఫులో పెట్టేయండి, ఎంత నచ్చినా సరే. దుకాణంలో నిలబడి అర నిమిషంలో చేయగలిగే పని ఇది.

ఫొటో పగటి వెలుతురులో తీయండి. ట్యూబ్‌లైట్ కింద నేవీ బ్లూ, నలుపు ఒకటే అనిపిస్తాయి. పసుపు బల్బు కింద మీగడ రంగుకీ లేత పసుపుకీ తేడా తెలియదు. ఉండలు చేత్తో పట్టుకుని దుకాణం గుమ్మం దాకా వచ్చి చూస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

ఉండల కంటే ఇంకా నమ్మకమైన పరీక్ష ఒకటుంది. రెండు దారాల కొసలు మూరెడు చొప్పున తీసి కలిపి మెలిపెట్టండి. ఆ మెలికను చెయ్యి చాచి దూరం నుంచి చూడండి. రెండు రంగులూ చారలు చారలుగా విడివిడిగా కనిపిస్తే మంచిది. కలిసి మూడో రంగు అయిపోతే అల్లికలోనూ అదే జరుగుతుంది.

నమ్మకంగా పనిచేసే జోడీలు చెప్పండి.

మీగడ రంగు, నేవీ బ్లూ. ఆవపువ్వు పసుపు, వంగపండు రంగు. లేత బూడిద, మెరూన్. గంధం రంగు, ముదురు నెమలిపింఛం. ఇవి నేను అల్లి చూసినవే. నలుపు, తెలుపు జోడీ ఎప్పుడూ పనిచేస్తుంది కానీ, అచ్చు తెలుపు బదులు మీగడ రంగు వాడితే కంటికి హాయిగా ఉంటుంది, మాసినా వెంటనే తెలియదు.

ఏ రంగు అడుగుకి, ఏది డిజైన్‌కి పెట్టాలి?

రెండు విధాలా అల్లి చూడకుండా చెప్పలేం, అది నిజం. ఒకే డిజైన్‌ని రంగులు తారుమారు చేసి అల్లితే రెండు వేర్వేరు డిజైన్లలా ఉంటాయి. పసుపు, నారింజ, ఎరుపు లాంటివి ముందుకు వచ్చినట్టు, నీలం, ఆకుపచ్చ వెనక్కి తగ్గినట్టు అనిపిస్తాయి. నా అలవాటు అయితే ముదురు రంగుని అడుగుకి, లేతదాన్ని డిజైన్‌కి. శాలువా విషయంలో ముఖం దగ్గరికి వచ్చే రంగు ఏదో చూసుకుని, వేసుకునేవాళ్లకి నప్పేది అక్కడ వచ్చేలా మొదలుపెడతాను.

రంగులు మారే ఊలు, అంటే వేరిగేటెడ్ ఊలు వాడొచ్చా?

వాడొచ్చు, స్లిప్ స్టిచ్‌లో అది చాలా అందంగా వస్తుంది కూడా. మామూలు అల్లికలో ఇలాంటి ఊలు ఒక చోట మచ్చలా పేరుకుపోతుంది. స్లిప్ స్టిచ్ ఆ మచ్చల్ని విరగ్గొడుతుంది. కానీ దానికి తోడుగా రెండో ఊలు కచ్చితంగా ఒకే రంగుది ఉండాలి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. వేరిగేటెడ్ చిలపలో, అంటే ఉండగా చుట్టని ఊలు కట్టలో, గులాబీ, నారింజ, ఊదా ఉన్నాయనుకోండి. "మ్యాచింగ్" అని ఊదానే రెండో రంగుగా తీసుకుంటారు చాలామంది. చీరకి జాకెట్టు అలాగే కదా చూస్తాం. కానీ అల్లికలో ఊదా వచ్చిన ప్రతిచోటా డిజైన్ అడుగులో కలిసిపోయి, గీత మధ్యలో తెగినట్టు ఉంటుంది. చిలపలో అస్సలు లేని రంగు, చిలపలోని అన్నిటికంటే ముదురుదో లేతదో తీసుకోండి. బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో చిలపలోని ఏ తునకా రెండో రంగులో కలవకూడదు. ఒక చిలపలోనే తెలుపు నుంచి నలుపు దాకా అన్నీ ఉంటే దానికి జోడీ దొరకదు. దాన్ని సాదా అల్లికకి ఉంచుకోండి.

గ్రేడియంట్ ఊలు, అంటే ఒక రంగు నుంచి ఇంకో రంగుకి నెమ్మదిగా జారేది, పెద్ద శాలువాకి చక్కగా ఉంటుంది. అడుగు ఒకే రంగు ఉంచి డిజైన్ రంగు మారుతూ పోతుంటే, అల్లుతున్న చేతికి విసుగు రాదు.

మూడు నాలుగు రంగులు కలపొచ్చా?

కలపొచ్చు. మొదట ఒకటి మాత్రం అడుగుగా స్థిరంగా ఉంచి, మిగతావాటిని డిజైన్ వైపు మార్చుకుంటూ పోండి.

లినెన్ స్టిచ్‌లో మాత్రం లెక్క వేరు. అక్కడ ఒక కుట్టు అల్లి, ఒక కుట్టు జరుపుతాం, దారం జరిపిన కుట్టుకి ముందు నుంచి వెళ్తుంది. అల్లిక నేసిన బట్టలా వస్తుంది, రంగులు కలిసిపోవడమే దాని అందం. పైన వద్దన్న మెరూన్, నెమలిపింఛం జోడీ ఇక్కడ అద్భుతంగా ఉంటుంది. ఆ కౌల్ విప్పిన ఊలుతో నేను చివరికి అల్లింది ఇదే. మూడు రంగులతో, ఒక్కో వరుస ఒక్కో రంగు అల్లితే ఇంకో సదుపాయం ఉంది. మొదటి రంగు ఎడమ అంచు దగ్గర ఆగుతుంది, రెండోది కుడి అంచుకి వస్తుంది, మూడోది మళ్లీ ఎడమకి చేరుతుంది. నాలుగో వరుసకి మనకు కావాల్సిన మొదటి రంగు సరిగ్గా మన చేతి దగ్గరే ఎదురుచూస్తుంటుంది. దారం తెంపక్కర్లేదు. రెండు రంగులతో ఇలా ఒంటి వరుసలు అల్లాలంటే రెండు వైపులా మొనలున్న సూదో, రెండు మొనల్నీ తీగతో కలిపిన సర్క్యులర్ సూదో కావాలి.

రెండు రకాల ఊలూ ఒకే మందం ఉండాలా?

ఉండాలి. ఒకటి సన్నగా, ఒకటి లావుగా ఉంటే లావు కుట్టు సన్న కుట్టును మింగేస్తుంది. లేబుల్ లేని ఊలు ఇంట్లో ఉంటే ఇలా చూడండి. ఒక దారాన్ని మడిచి, ఆ మడతలోంచి రెండో దారాన్ని దూర్చి మడవండి, రెండు గొలుసు లింకుల్లా. ఇప్పుడు కళ్లు మూసుకుని ఆ కలయిక మీదుగా బొటనవేలు, చూపుడువేలుతో తడుముతూ వెళ్లండి. తేడా ఉంటే వేళ్లు అక్కడ ఆగుతాయి. కంటికి తెలియని తేడా వేళ్లకి తెలుస్తుంది.

మందంతో పాటు సాగే గుణం కూడా కలవాలి. ఒకటి ఊలు, ఒకటి కాటన్ అయితే ఉతికిన తర్వాత ఒకటి దగ్గరికి వస్తుంది, ఇంకొకటి వేలాడుతుంది.

లేబుల్ మీద 4 ప్లై, డీకే, ఫింగరింగ్ అని ఉంటుంది. దేన్ని చూడాలి?

ప్లై అంటే ఎన్ని పోగులు కలిపి పేనారో చెప్పే మాట. బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో మాత్రం 4 ప్లై అనేది ఒక మందం పేరుగా స్థిరపడింది, అమెరికాలో దాన్నే ఫింగరింగ్ అంటారు. ఈ గందరగోళంలో పడకుండా 100 గ్రాములకి ఎన్ని మీటర్లో చూడండి. 400 మీటర్ల దగ్గర ఉంటే ఫింగరింగ్, 220 నుంచి 240 దగ్గర ఉంటే అంతకంటే లావైన డీకే, 200 దగ్గర ఉంటే ఇంకా లావైన వర్‌స్టెడ్. శాలువాకి నేను ఫింగరింగ్ తప్ప వాడను, స్లిప్ స్టిచ్ ఎలాగూ దట్టంగా వస్తుంది కాబట్టి లావు ఊలైతే దుప్పటి అయిపోతుంది. కౌల్‌కి డీకే బాగుంటుంది.

మీటర్లు రాయని లేబుల్ కూడా ఉంటుంది. ఏ లేబుల్ అయినా డై లాట్ నంబర్, అంటే ఒకేసారి రంగు వేసిన ఊలుకి ఇచ్చే నంబర్, మాత్రం చూసుకోండి. ఒకే రంగు ఉండలన్నీ ఒకే లాట్‌వి కావాలి.

ఊలు, అక్రిలిక్, కాటన్. వీటిలో ఏది మంచిది?

మొదటి మార్కు గొర్రె ఊలుకే. సాగుతుంది, మళ్లీ వెనక్కి వస్తుంది, జరిపిన కుట్టు నొప్పి లేకుండా పైకి చేరుతుంది. మెడకి తగిలేది కాబట్టి మెరినో (మెత్తటి ఊలునిచ్చే గొర్రె జాతి) అయితే గుచ్చుకోదు. సూపర్‌వాష్, అంటే మెషిన్‌లో ఉతికినా కుంచించుకుపోకుండా శుద్ధి చేసిన మెరినో, రంగులు మెరుస్తాయి కానీ తడిస్తే సాగిపోతుంది, సూది మరీ పెద్దది తీసుకోకండి.

మన బజార్లలో ఎక్కువగా దొరికేది అక్రిలిక్. దానితో నేర్చుకోవడంలో తప్పేమీ లేదు. రంగులు బోలెడు, ధర తక్కువ, రంగు దిగడం అరుదు. శాలువా ఒంటి మీద జాలువారే తీరు మాత్రం రాదు.

కాటన్ సాగదు, బరువు. నరసాపురం లేసు అల్లికకి వాడే గట్టి పురి కాటన్ దారం క్రోషేలో ఎంత అందంగా నిలబడుతుందో చూశాం కదా. ఆ బిగువే ఇక్కడ అడ్డం వస్తుంది, జరిపిన కుట్టు పక్క కుట్లను లాగేస్తుంది. కాటన్ కావాలంటే అక్రిలిక్‌తో కలిపినది తీసుకోండి, వదులుగా అల్లండి.

పురి సంగతి ఒక్క మాట. మూడు నాలుగు పోగులు గట్టిగా పేనిన ఊలు డిజైన్ అంచుల్ని పదునుగా చూపిస్తుంది. ఒంటి పోగు ఊలు మెత్తగా ఉంటుంది, గీతలు కాస్త మసకబారతాయి, త్వరగా ఉండలు కడుతుంది. మొహైర్ (అంగోరా మేక ఊలు) నూగు డిజైన్‌ని కప్పేస్తుంది, వద్దు.

మన దక్కనీ గొర్రెల ఊలుతో అల్లొచ్చా?

తెలంగాణలో కురుమలు గొంగళ్లు నేసేది ఆ ఊలుతోనే. చింతగింజల గంజి పట్టించి, మగ్గం మీద నేసిన గొంగడి వానకీ చలికీ తట్టుకుంటుంది. ఆ ఊలు ముతక. బట్ట మీద కప్పుకోవడానికి సరిపోతుంది కానీ మెడకి నేరుగా తగిలే కౌల్‌కి సరిపడదు. అది చేతితో వడికినది దొరికితే సంచికో, కూర్చునే పట్టాకో స్లిప్ స్టిచ్ వేసి చూడండి. రంగు వేయని నలుపు, తెలుపు పక్కపక్కన పడితే దానంతటి జోడీ ఇంకోటి లేదు.

సూది ఎంత సైజు?

లేబుల్ చెప్పినదాని కంటే అర మిల్లీమీటరో, ముప్పావు మిల్లీమీటరో పెద్దది. ఫింగరింగ్ శాలువాకి నేను 3.75 లేదా 4 మిల్లీమీటర్లు వాడతాను. నమూనా ముక్క అరచేతిలో పట్టుకుని నలిపి వదిలేయండి. అట్టలా నిలబడితే సూది ఇంకా పెంచండి.

ఊలు ఎంత కొనాలి?

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా ఉంటే టెన్షన్ లేదు. 15 సెంటీమీటర్ల చదరం నమూనా అల్లి, ఉతికి, ఆరాక తూయండి. నా డీకే నమూనా ఒకటి 9 గ్రాములు తూగింది. దాని వైశాల్యం 225 చదరపు సెంటీమీటర్లు. 60 సెంటీమీటర్ల చుట్టు, 25 ఎత్తు ఉన్న కౌల్ అంటే 1500. 1500ని 225తో భాగించి 9తో గుణిస్తే 60 గ్రాములు. దాని మీద ఇంకో పది గ్రాములు వేసుకుంటే, ఒక్కో రంగుకి 50 గ్రాముల ఉండ ఒకటి చాలు.

రెండు రంగుల ఫింగరింగ్ శాలువాకి ఒక్కో రంగు 100 గ్రాముల చిలప, మొత్తం 800 మీటర్ల దాకా పెట్టుకోండి. పైనుంచి కిందికి పెరిగే త్రికోణం శాలువాలో ఒక మోసం ఉంది. సగం వరుసలు అయ్యేసరికి ఊలు పావు వంతే ఖర్చవుతుంది. సగం ఊలు అయిపోయేది వందకి 70 వరుసలు దాటాక. "ఇంకా బోలెడు ఉంది" అనుకుని మధ్యలో డిజైన్ పెంచితే చివరి అంచుకి ఊలు చాలదు.

రంగు దిగుతుందేమో అని భయంగా ఉంది. ముందే తెలుసుకోవచ్చా?

తెలుసుకోవాలి. ఒకసారి నేను కొన్న ఎర్ర చిలప, నెల రోజులు అల్లిన మీగడ రంగు శాలువాని మొదటి ఉతుకులోనే గులాబీ చేసేసింది. అప్పటి నుంచి పరీక్ష చేయకుండా ముదురు రంగు ముట్టుకోను. జానెడు దారం తెంచి, గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క షాంపూ వేసి పావుగంట నానబెట్టండి. తీసి తెల్ల నూలు గుడ్డలో చుట్టి గట్టిగా నొక్కండి. గుడ్డకి రంగు అంటితే చిలపని అల్లకముందే, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకండి. చన్నీళ్లలో వెనిగర్ పోస్తే రంగు నిలుస్తుందని చాలామంది చెబుతారు. ఊలుకి రంగు పట్టాలంటే పులుపుతో పాటు వేడి కూడా కావాలి. చల్లటి వెనిగర్ నీళ్లు ఆ పని చేయవు.

వెనక వైపు దారాలు కనిపించవా?

కౌల్‌ని గుండ్రంగా అల్లితే వెనక వైపు లోపలికి పోతుంది, బెంగ లేదు. శాలువా రెండు వైపులా కనిపిస్తుంది కాబట్టి గార్టర్ మొజాయిక్, అంటే రెండు వైపులా నిట్ కుట్లే వేసే రకం, మేలు, వెనక సన్న చారలు నీటుగా వస్తాయి. జరిపేటప్పుడు దారం ముందు వైపు వరుసలో వెనక, వెనక వైపు వరుసలో ముందు ఉండాలి. వరసగా మూడు కుట్ల కంటే ఎక్కువ జరపమనే డిజైన్ వద్దు, ఉంగరాలకి, గాజులకి ఆ దారాలు చిక్కుకుంటాయి.

అల్లడం అయ్యాక ముడతలు ముడతలుగా ఉంది. పాడైందా?

పాడవలేదు. ఊలైతే తడిపి, టవల్లో చుట్టి నీళ్లు పిండి, చాప మీద పరిచి పిన్నులు పెట్టి ఆరనివ్వండి, కుట్లు సర్దుకుంటాయి. అక్రిలిక్‌కి ఇస్త్రీపెట్టె తగలనివ్వకండి, రెండంగుళాల ఎత్తు నుంచి ఆవిరి పట్టండి. ఆవిరి ఎక్కువైతే అల్లిక శాశ్వతంగా చచ్చుబడిపోతుంది.

మన ఎండల్లో వీటితో పనేముంది?

లంబసింగిలోనో, ఆదిలాబాద్‌లోనో జనవరి తెల్లవారుజాము గడిపినవాళ్లు ఈ ప్రశ్న అడగరు. మిగతా ఊళ్లలో ఏసీ ఆఫీసు, రాత్రి రైలు, స్లీపర్ బస్సు ఉన్నాయి. వాటికి ఫింగరింగ్ ఊలు, పట్టు కలిసిన శాలువా పల్చగా, తేలిగ్గా సరిపోతుంది. అమెరికాలో ఉన్న పిల్లలకి పంపేదైతే డీకే మెరినో కౌల్.

కానుకగా అల్లుతున్నాను. వాళ్లకి నచ్చే రంగు ఎలా తెలుసుకోవాలి?

అడిగితే "ఏదైనా పర్లేదు" అంటారు. వాళ్ల కోటు రంగు ఏదో కనుక్కోండి, చలిలో కౌల్ కనిపించేది ఆ కోటు మీదే. కోటు నలుపైతే అడుగు రంగు నలుపు పెట్టకండి, అంచు ఎక్కడుందో తెలియదు. ఉతకడం వాషింగ్ మెషిన్‌లోనే అయితే సూపర్‌వాష్ ఊలో, అక్రిలిక్కో తీసుకోండి. మామూలు ఊలు మెషిన్‌లో కుంచించుకుపోయి అట్టలా అవుతుంది. అల్లాక ఒక్కో రంగు దారం రెండు మీటర్లు తీసి అట్టముక్కకి చుట్టండి, లేబుల్ కూడా దానికి జత చేసి కానుకతో పాటే ఇవ్వండి. ఎక్కడైనా ఒక కుట్టు తెగితే అదే రంగు దారం వాళ్ల దగ్గర ఉంటుంది.